గిలకలదిండిలో గిలకలేవి?

ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 రోజులపాటు మన తూర్పు తీరంలో మర పడవలకు సముద్రపు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక వాటికి ఆ విరామం. గిలకలదిండి రేవులో మనుషులకు మాత్రం ఆ రెండు నెలలూ విశ్రాంతి ఉండదు. పడవలను ఒడ్డుకు చేర్చి, అడుగున పట్టిన నాచునూ గుల్లలనూ గీకి, రంగులు వేసి, వలలు బాగుచేసుకొని, ఇంజన్లు దింపి మరమ్మతు చేయించి, తిరిగి బిగించుకొనే కాలం అదే. బందరులో వైద్యవృత్తిలో ఉన్న ఏళ్ళన్నింటిలోనూ నేను గమనించిన సంగతి ఒకటి ఉంది. నడుము పట్టేసి, ఇద్దరి భుజాల మీద చేతులు వేసుకొని వచ్చే మత్స్యకారులు నా గదిలో వేట సాగే నెలలలో కన్నా వేట ఆగిన నెలలలోనే ఎక్కువగా కనిపించేవారు.

వారిలో ఒకరిని గురించి చెబుతాను. పేరు చెప్పను. వయసు 34. తానూ, బావమరిదీ, మరొక కుర్రవాడూ కలిసి ఫైబర్ పడవలోని డీజిల్ ఇంజనును పైకి ఎత్తుతున్నారు. పాటు సమయం, కాలి కింద బురద. వంగి, చేతులు ముందుకు చాచి, ఇంజనును పక్కకు తిప్పబోయిన క్షణంలో నడుములో ఏదో తెగినట్లు అనిపించిందట. ఆ సాయంత్రం ఒకరి చేత నడుము తొక్కించుకొన్నారు. మరునాడు మందుల దుకాణంలో సూది వేయించుకొన్నారు. అయిదవనాడు నా వద్దకు వచ్చినప్పుడు ఎడమ పాదం పైకి లేవడం లేదు. నడుస్తుంటే చెప్పు నేలకు ఈడుస్తున్నది. విజయవాడ పంపించాను, శస్త్రచికిత్స జరిగింది. నొప్పి తగ్గింది గాని పాదానికి పూర్వపు బలం పూర్తిగా రాలేదు. ఇప్పుడు పడవను మరొకరికి ఇచ్చి, ఒడ్డున కూర్చొని వలలు అల్లుతున్నారు. ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "డాక్టరుగారూ, పదిహేనేళ్ళుగా ఎత్తుతున్న ఇంజనే కదండీ, ఈసారి ఏమైందండీ?"

ఆ రోజు నేను చెప్పిన సమాధానం సగమే. మిగిలిన సగం ఈ వ్యాసం.

మన వెన్నులో పూసకూ పూసకూ నడుమ మెత్తని బిళ్ళలు ఉంటాయి. వాటినే డిస్కులు అంటాము. మొత్తం 23. బయట గట్టి నారల చుట్టు, లోపల జిగురువంటి గుజ్జు. వీటిలో అడుగున ఉన్న రెండు బిళ్ళలే, అంటే నడుము పూసలలో నాలుగు అయిదింటి మధ్యనున్నదీ, దాని కిందనున్నదీ, జారిన డిస్కులలో అత్యధిక భాగానికి స్థానాలు. కారణం సులువైనది. పైనున్న శరీరపు బరువంతా మోసేదీ, మనం వంగినప్పుడు మడత పడేదీ అక్కడే. పెద్దయిన తరువాత ఈ బిళ్ళల లోపలి భాగానికి నేరుగా రక్తనాళాలు ఉండవు. అందువలన చర్మం మీది గాయం మానినంత త్వరగా వాటి చీలిక మానదు. పదిహేనేళ్ళలో ఒక్కొక్క నార చీలుతూ వచ్చి, పదహారవ ఏట గుజ్జు బయటికి వచ్చి నరాన్ని నొక్కుతుంది. ఆ రోజు ఎత్తిన ఇంజను నేరస్థుల వరుసలో చివరిది మాత్రమే.

ఇక బరువు సంగతి. మీరు ముందుకు వంగి చేతులలో ఏదైనా పట్టుకొన్నప్పుడు, మీ వెన్ను ఒక తులాదండం. బరువు ఒకవైపు, వెన్ను వెనుకనున్న కండరాలు మరొకవైపు, డిస్కు మధ్యనున్న ఆధారం. కండరం డిస్కుకు దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. చేతిలోని బరువు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే? దూరం పది రెట్లు కనుక కండరం పది రెట్లు లాగాలి. 20 కిలోల వస్తువుకు కండరం 200 కిలోల బలంతో లాగుతుంది. ఆ ఒత్తిడి అంతా డిస్కు మీదనే. ఇందులో మీ తల, మొండెం బరువులు ఇంకా కలపలేదు. అదే వస్తువును పొట్టకు ఆనించి పట్టుకొంటే లెక్క సగానికి పైగా పడిపోతుంది. మన పెద్దలు కావడి మోయడంలో ఉన్న తెలివి ఇదే. రెండు వైపులా సమానమైన బరువు వెన్నెముక వరుసకు దగ్గరగా నిలుస్తుంది. భుజం కాయ కాస్తుంది గాని నడుము వంగదు.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ, నియోష్ అని పిలుస్తారు, 1991లో బరువు ఎత్తడానికి ఒక సూత్రం సవరించి ఇచ్చింది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఒక మనిషి రెండు చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలు. అనుకూలం అంటే వస్తువు ఒంటికి దగ్గరగా ఉండాలి, నేల నుండి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, ఒళ్ళు మెలితిప్పనక్కరలేదు, పట్టు చక్కగా కుదరాలి. ఒక్కొక్క ప్రతికూలతకు ఆ 23లో కోత పడుతుంది. మన పడవలోని ఇంజనుకు లెక్క కట్టి చూశాను. చేతులు ఒంటికి 50 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి, సగం కోత. పట్టుకొనే చోటు పడవ అడుగు నుండి 20 సెంటీమీటర్లే, మరికొంత కోత. అక్కడి నుండి 70 సెంటీమీటర్లు పైకి ఎత్తి అంచు దాటించాలి. 45 డిగ్రీలు పక్కకు తిరగాలి. పట్టుకు సరైన పిడి లేదు, నూనె జిడ్డు. అన్నీ గుణించగా మిగిలినది ఆరున్నర కిలోలు.

ఆరున్నర! ఇంజను 80 కిలోలు అనుకొంటే ముగ్గురు పంచుకొన్నా తలకు దాదాపు 27 కిలోలు వస్తుంది. సురక్షితమైన బరువుకు నాలుగు రెట్లు. పైగా ఈ సూత్రం గట్టి నేల మీద స్థిరంగా నిలబడినవానికి చెప్పినది. ఊగే పడవకూ బురదకూ ఇది వర్తించదు. అక్కడ లెక్క ఇంకా అధ్వాన్నం. ముగ్గురిలో ఒకరి కాలు జారితే రెప్పపాటులో మిగిలిన ఇద్దరికి 40 కిలోల చొప్పున పడుతుంది. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన సిఫారసులో వయోజన పురుషునికి 55 కిలోల గరిష్ఠ పరిమితి ఉంది కదా అని ఒక మిత్రులు నాతో వాదించారు. అది ఒక మనిషి మోయదగిన దానికి పై హద్దు. వంగి, చేతులు చాచి, మెలితిరిగి ఎత్తేవాని డిస్కు ఆ సిఫారసును చదవదు.

ఇక్కడ కొంచెం దూరం వెళ్ళి వద్దాము. గ్లైడరు అనే ఇంజను లేని విమానం ఉన్నది. ఐరోపాలో, అమెరికాలో సరదాకు ఎగిరేవారు చాలామంది రెక్కలు ఊడదీసి, పొడవాటి పెట్టెబండిలో పెట్టి ఇంటికి తీసుకొనిపోతారు. మళ్ళీ ఎగరదలచిన నాడు మైదానంలో రెక్కలు బిగించుకోవాలి. కొన్ని పాత రెండు సీట్ల గ్లైడర్లలో ఒక్కొక్క రెక్క బరువు 70, 80 కిలోలు దాటుతుంది. రెక్క మొదలును విమానపు ఒడలిలోనికి దూర్చి, రంధ్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసేంత వరకు పట్టుకొని ఉండాలి. అప్పుడు గాని మేకు దిగదు. వెనుకటి రోజులలో నలుగురు పట్టేవారు. మొదలు వద్ద నిలిచినవాని నడుముకు దెబ్బ, కొస పట్టినవాని మీద తిట్లు. ఇప్పుడు చాలామంది ఒక చిన్న బండి కొనుక్కొంటున్నారు. రెక్క బరువు ఎక్కడ సమతూకంగా నిలుస్తుందో అక్కడ పట్టే మెత్తని ఊయల, దాని కింద చక్రాలు, ఎత్తు తగ్గించి పెంచడానికి ఒక మర. బరువంతా బండి మోస్తుంది. కొస దగ్గర నిలిచిన మనిషి అటూ ఇటూ నడిపిస్తాడు, అంతే. నలుగురి పని ఒకరు చేసుకొంటారు. వారిలో నడివయసు దాటినవారు తక్కువేమీ కాదు. వారికి నడుము విలువ తెలుసును.

మన ఇంజను బిగింపుకూ ఆ రెక్క బిగింపుకూ పోలిక చూడండి. రెండింటిలోనూ ప్రమాదం ఎత్తే క్షణంలో సగం, పట్టుకొని నిలిచే నిమిషాలలో సగం. బోల్టు రంధ్రం కలవలేదు, కొంచెం ఇటు, ఇంకొంచెం అటు, షాఫ్టు సూటిగా రాలేదు, మళ్ళీ ఎత్తు. ఈ అయిదు నిమిషాలు వంగిన నడుముతో బరువు ఆపి ఉంచడం డిస్కుకు చేసే హానిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కనుక పరికరం ఎంచుకొనేటప్పుడు నా మొదటి ప్రశ్న "ఎంత బరువు ఎత్తుతుంది?" కాదు. "ఎత్తిన దానిని మనిషి సాయం లేకుండా ఎంతసేపు నిలిపి ఉంచుతుంది? అంగుళంలో పదో వంతు దింపమంటే దింపగలదా?" అన్నది.

ఈ ప్రశ్నకు మామూలు తాడు, కప్పి నిలబడవు. ఒక స్థిర కప్పి దిశను మారుస్తుందే గాని బరువును తగ్గించదు. బావి గిలక అదే. ఒక చలన కప్పి చేరిస్తే బలం సగమవుతుంది, నాలుగు తాళ్ళ వరుస వేస్తే దాదాపు నాలుగో వంతు. ఇదంతా మీరు ఎనిమిదో తొమ్మిదో తరగతిలో చదివినదే. కాని చేతిలోని తాడు జారితే ఇంజను కిందికి వస్తుంది, కింద ఎవరి కాలు ఉన్నా సరే. చైన్ కప్పి అలా కాదు. గొలుసు లాగడం ఆపితే అక్కడే ఆగిపోతుంది. లోపలి బ్రేకు బరువును పట్టి ఉంచుతుంది. రెండవ గొలుసు లాగితే వెంట్రుకవాసి చొప్పున దిగుతుంది. ఒక టన్ను చైన్ కప్పితో 80 కిలోల ఇంజను ఎత్తడానికి పదేళ్ళ పిల్లవాడి బలం చాలును (పిల్లవానిని ఆ దరిదాపులకు రానివ్వకండి, అది వేరు సంగతి). ఊరి పేరులోనే గిలకలు ఉన్న చోట ఒక్క మంచి గిలక లేకుండా ఇంజన్లు ఎత్తుతున్నారే అని నాకు ప్రతి వేసవీ అనిపిస్తుంది.

చైన్ కప్పి కొనడం తేలిక. దానిని వేలాడదీసే ఆధారమే అసలు పరికరం. చెట్టు కొమ్మకు, పాత షెడ్డు దూలానికి, వెదురు కట్టకు కట్టినవి నేను కళ్ళారా చూశాను. ఇనుప పైపులతో మూడు కాళ్ళ స్టాండు గాని, రెండు వైపులా కాళ్ళు గల ఇనుప దూలం గాని కావాలి. మూడు కాళ్ళ స్టాండు అయితే బరువు పడగానే కాళ్ళు బయటికి జారజూస్తాయి. మూడింటినీ కింద గొలుసుతో కలిపి కట్టాలి. ఇసుకలో, ఒండ్రులో కాళ్ళు దిగబడకుండా వెడల్పాటి చెక్క పలకలు వేయాలి. ఇంజనుకు చుట్టే పట్టీ పాత వల తాడు కాకూడదు. ఎండకూ ఉప్పుకూ నానిన నైలాను తాడు చూడడానికి బాగానే ఉంటుంది, తెగేటప్పుడు చెప్పి తెగదు. కొక్కేనికి నాలుక ఉండాలి. ఎంత బరువు వరకు పనికివస్తుందో కప్పి మీద అచ్చువేసి ఉండాలి. అచ్చు లేనిది ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి.

గ్యారేజీలలో కనిపించే చక్రాల ఇంజను క్రేను కొందామని కొందరు అడుగుతారు. నున్నని సిమెంటు జెట్టీ మీద మంచిదే. దానిలో రెండు మోసాలు ఉన్నాయి. ఒకటి, రెండు టన్నులు అని రాసి ఉన్నది చేయి లోపలికి ముడిచి ఉన్నప్పటి మాట. చేయి పూర్తిగా చాచితే నాలుగో వంతుకు పడిపోయే రకాలు ఉన్నాయి. పడవ అంచు దాటి లోపలికి అందుకోవాలంటే చాచక తప్పదు. రెండవది చక్రాలు. గుప్పెడంత ఇనుప చక్రాలు ఇసుకలో ఒక్క గజం నడవవు. అప్పుడు నలుగురు కలిసి ఇంజనుతో సహా క్రేనును ఎత్తి లాగుతారు! నడుము కాపాడడానికి తెచ్చిన పరికరం నడుముకు రెండింతల బరువు అవుతుంది. ఒడ్డున నడిచే బండికి వెడల్పాటి, గాలి తక్కువ పట్టించిన రబ్బరు టైర్లు కావాలి. బరువు ఎక్కువ స్థలం మీద పరుచుకొంటే నేల దిగబడదు. పొలంలో ట్రాక్టరు వెనుక టైరు అంత వెడల్పుగా ఎందుకు ఉంటుందో మన రైతును అడిగితే చెబుతాడు.

బండి పళ్ళెం ఎత్తు గురించి ఒక మాట. 75 సెంటీమీటర్లు గుర్తుంచుకోండి. నిలబడిన మనిషి చేతులు వేలాడదీస్తే పిడికిలి ఇంచుమించు అక్కడికి వస్తుంది. వస్తువు ఆ ఎత్తున ఉంటే నడుము వంచే పని లేదు. ఎత్తు మార్చుకొనే మర ఉన్న బండి అయితే ఇంకా మేలు, మెకానిక్కు కూడా ఇంజను మీద నిలబడే పని చేసుకొంటాడు; లేకపోతే ఆ వారమంతా నేల మీద గొంతుకూర్చొని అతని నడుమూ పోతుంది. మెకానిక్కు నడుము సంగతి ఎవరూ తలవరు. ఇక ఉప్పుగాలి. హైడ్రాలిక్ జాకీల సీళ్ళు, గొలుసు లంకెలు ఇక్కడ ఒక వర్షాకాలానికే పాడవుతాయి. గాల్వనైజు చేసినది కొనండి, పని అయిన వెంటనే మంచినీటితో కడిగి గ్రీజు పూయండి, కప్పు కింద పెట్టండి. జింకు రేకు కింద కూడా పెట్టలేని పరికరాన్ని కొనవద్దు.

అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడయ్యే పరికరం ఇంకా చెప్పలేదు. అది నడుము పట్టీ. గట్టి బెల్టు కట్టుకొంటే ఎంతైనా ఎత్తవచ్చునని నమ్మేవారు చాలామంది. 2000లో జామా అనే వైద్య పత్రికలో వెలువడిన అధ్యయనం ఒకటి ఉంది. అమెరికాలో 160 దుకాణాలలో సరుకులు ఎత్తే ఉద్యోగులను పరిశీలించారు. బెల్టు రోజూ కట్టుకొన్నవారికీ, కట్టుకోనివారికీ నడుమునొప్పిలో గాని, గాయాలలో గాని తేడా కనబడలేదు. బెల్టు వల్ల వచ్చే నిజమైన ఫలితం ధైర్యం. ఆ ధైర్యంతో ఇంకొక పది కిలోలు ఎత్తుతారు. నొప్పి ఉన్నప్పుడు కొద్దిరోజులు ఊరట కోసం కట్టుకోవడం వేరు, దానిని కవచమని నమ్మడం వేరు.

నిజాయతీగా మరొకటి కూడా చెప్పాలి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష, బరువు ఎత్తే పద్ధతులు నేర్పడం వలన, దానితోపాటు పరికరాలు ఇవ్వడం వలన కూడా, నడుమునొప్పి తగ్గినట్లు ఆధారం దొరకలేదని తేల్చింది. ఇది చదివి మొదట నేనూ నిరుత్సాహపడ్డాను. తరువాత నా అనుభవంతో పోల్చి చూసుకొన్నాను. ఆసుపత్రులలో రోగులను ఎత్తడానికి ఇచ్చిన లిఫ్టులు మూలనపడి ఉండడం నేను చూడనిదా? పరికరాన్ని తెచ్చుకోవడానికి పది నిమిషాలు, చేతులతో ఎత్తడానికి రెండు నిమిషాలు పడితే మనిషి చేతులనే ఎంచుకొంటాడు. కనుక పరికరం ఉండడం చాలదు. అది పని జరిగే చోటనే, చేతికి అందేటట్లు, చేతిపని కన్నా సులువుగా ఉండాలి. అటువంటిది కొనాలంటే యజమాని ఒక్కడే దుకాణానికి వెళ్ళి బేరమాడితే కుదరదు. ఇంజను ఎత్తే కుర్రవాళ్ళనే తీసుకొనివెళ్ళండి, ఇసుకలో నడిపి చూడనివ్వండి, వాళ్ళు పెదవి విరిస్తే తీసుకోకండి.

ఇంజన్ల మాట ఇంతసేపు చెప్పి, ఆడవారి తట్టలను మరచితే నేను సగం రేవునే చూసినవాణ్ణి అవుతాను. వేలంపాట అయిన తరువాత చేపలతో, ఐసుతో నిండిన గంపను నేల మీద నుండి నెత్తికి చేర్చుకోవడం రోజూ జరిగే పని. ఇంజను ఏడాదికి ఒకటి రెండు సార్లు, గంప రోజుకు పలుమార్లు. నెత్తి మీదికి చేరిన తరువాత అది వెన్ను వరుసలోనే నిలుస్తుంది, అక్కడ చిక్కు తక్కువ. నేల నుండి నెత్తి వరకు చేసే ప్రయాణమే కీడు. దీనికి యంత్రం అక్కరలేదు. దక్షిణాదిన పాత బాటల పక్కన బాటసారులు తలబరువు దించుకోవడానికి భుజమెత్తు రాతి దిమ్మెలు నిలిపేవారు. వేలం జరిగే చోట అటువంటి అరుగు ఒకటి, దానికి ముందు నడుమెత్తు అరుగు ఒకటి కట్టిస్తే చాలును. గంపను మెట్టు మెట్టుగా చేర్చుకోవచ్చు. సిమెంటు, ఇటుకలు, ఒక తాపీమేస్త్రి. నాకు తెలిసిన వెన్ను పరికరాలలో ఇంతకన్నా చవకైనది లేదు, దీనికి గ్రీజు కూడా అక్కరలేదు.

పరికరాలు వస్తే హమాలీల కూలి పోతుందని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. క్రేట్లు దించడానికి మరబెల్టులు వస్తే కొందరికి పని తగ్గుతుంది, దానిని నేను దాచను. కాని చైన్ కప్పికీ, బండికీ ఇద్దరు మనుషులు కావలసిందే. నలభై ఏళ్ళకే పని మానుకొన్న హమాలీల ఇళ్ళు నేను చూశాను. యాభై అయిదేళ్ళ వరకు తక్కువ బరువుతో పనిచేసే వీలు ఉంటే వారు కాదనేవారా? మత్స్యకారులకు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉంది. మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రెండున్నర లక్షలు. అది మంచిదే. అయితే పదిహేనేళ్ళపాటు నార నారగా చీలిన డిస్కును ఏ తేదీన జరిగిన ప్రమాదమని రాయాలి? నా రోగికి ఆ కాగితం నింపడంలో ఆ గడి దగ్గరే ఆగిపోయాము.

2020 నవంబరు 21న, ప్రపంచ మత్స్య దినోత్సవం నాడు, రాష్ట్రంలో నాలుగు ఫిషింగ్ హార్బర్లకు శంకుస్థాపన జరిగింది. అందులో మచిలీపట్నం ఒకటి. జెట్టీలకు, పూడికతీతకు కోట్ల రూపాయలు అవసరమే. మొగ పూడిపోతే పోటు కోసం పడవలు కాచుకొని ఉండే రేవు మనది. కాంక్రీటు పోసే చోట రెండు ఇనుప స్తంభాలు, వాటి మీద ఒక దూలం, దానికి జరిగే కొక్కెం ఒకటి పెట్టించమని అడగడం మాత్రం మన వంతు. ఆ కొక్కెం కింద పడవ నిలిస్తే ఇంజను నేరుగా బండిలోకి వస్తుంది. కోట్ల అంచనాలో ఆ దూలం ఖర్చు ఒక వరుస. అది ఏ వరుసలోనూ లేకపోతే తరువాత అమర్చడం కష్టం. పడవ యజమానుల సంఘాలు, సహకార సంఘాలు ఈ ఒక్క కోరికను రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. అంతవరకు పది పడవలవారు కలిసి ఒక స్టాండు, ఒక చైన్ కప్పి, ఒక బండి కొనుక్కొంటే, 61 రోజులలో వంతులవారీగా అందరికీ సరిపోతుంది.

వైద్యునిగా చెప్పవలసినవి కొన్ని మిగిలాయి. రాత్రంతా పడుకొన్నప్పుడు డిస్కులు నీరు పీల్చి ఉబ్బుతాయి. లేచిన మొదటి గంట రెండు గంటలలో వంగితే వాటి మీద ఒత్తిడి హెచ్చు. ఇంజను దింపే పని తెల్లవారుజామున చల్లగా ఉన్నదని పెట్టుకొంటారు, కొంచెం పొద్దెక్కనివ్వండి. నడుము పట్టేస్తే మంచం పట్టవద్దు, మెల్లగా నడుస్తూ ఉండండి; చాలా నొప్పులు ఆరు వారాలలో వాటంతట అవే తగ్గుతాయి, మొదటి రోజే స్కానింగు అవసరం లేదు. తొక్కించుకోవద్దు. ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగక, డైక్లోఫెనాక్ వంటి బిళ్ళలు రోజుల తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బీడీ కూడా డిస్కుకు శత్రువే. పాదం లేవకపోయినా, కాలిలో బలం తగ్గుతున్నా, మూత్రం ఆగిపోయినా లేక తెలియకుండా పోతున్నా, తొడల సందున, ఆసనం చుట్టూ స్పర్శ మొద్దుబారినా ఒక్క రాత్రి కూడా ఆగవద్దు. అది గంటల లెక్కలో చూడవలసిన జబ్బు. 2023 నుండి బందరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ముందు అక్కడికి చేరండి, అవసరమైతే వారే పైకి పంపుతారు.

నా రోగి బావమరిది మొన్న మా ఇంటికి వచ్చాడు. చైన్ కప్పి కొన్నానని, ఒక టన్నుదని, సంతోషంగా చెప్పాడు. ఎక్కడ కడతావయ్యా అని అడిగితే, "ఇంటి ముందు వేపచెట్టు ఉంది కదండీ, దాని కొమ్మ లావుగానే ఉంటుందండీ" అన్నాడు. కాగితం తీసి మూడు కాళ్ళ స్టాండు బొమ్మ గీసి, కొలతలు వేసి, వెల్డింగు షాపువాని వద్దకు పంపాను. కింద గొలుసు, కాళ్ళ అడుగున పలకలు మరచిపోవద్దని రెండుసార్లు చెప్పాను. ఏప్రిల్ నెలలో మొదటి ఇంజను ఎత్తే రోజున కబురు చేస్తే వచ్చి చూస్తానని కూడా చెప్పి పంపాను.